పానా పట్టేముందు పాత ఫైలు వెతకండి: షెడ్డులో దొరికిన స్పోర్ట్స్ కారుకి ప్లాన్ వేయడం

వెస్ట్ మారేడుపల్లిలో ఒక పాత ఇల్లు, వెనక రేకుల షెడ్డు. విరిగిన మంచాలు, పాడైన కూలరు, మామిడాకుల చెత్త తీసి అవతల పడేశాక టార్పాలిన్ కింద నుంచి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ బయటపడింది. 1964 మోడల్. రెండే సీట్లు, బట్ట టాపు, మడ్‌గార్డులతో సహా ముక్కంతా ముందుకు లేచే బానెట్. మా ఫ్రెండు వాళ్ల తాతగారిది. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది, కారు కదిలి ముప్పై ఏళ్లు దాటింది. మావాడు చేతులు దులుపుకుంటూ అడిగాడు: "మొత్తం చేయిస్తే ఎంతవుతుందిరా?"

"ముందు ఆర్‌సీ ఎక్కడుందో చెప్పు," అన్నాను. మొహం మాడ్చుకున్నాడు.

కావాలనే అడిగాను. పాత స్పోర్ట్స్ కారు అనగానే ఇంజిన్, రేకు, రంగు గుర్తొస్తాయి. వాటికి మన ఊళ్లో పనివాళ్లున్నారు. డబ్బు, ఓపిక ఉంటే అయిపోతాయి. చిక్కంతా మూడు కోరికలు ఒకేసారి పుట్టడంలో ఉంది. కారు ఫ్యాక్టరీ నుంచి దిగినట్టే ఉండాలి. ఆదివారం పొద్దున నెక్లెస్ రోడ్డు మీద తిరగాలి. ఎవరైనా ఆపితే కాగితాలు సరిగ్గా ఉండాలి. విడివిడిగా మూడూ న్యాయమైన కోరికలే, కలిపితే మాత్రం ఒకదానికొకటి అడ్డం పడతాయి. ఏది ముందో తేల్చుకోకుండా బోల్టులు విప్పడం మొదలుపెట్టిన కార్లు అట్టపెట్టెల్లోనే ముసలివైపోతాయి.

కాగితాల్లో రెండు దారులు

2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నియమాల్లో వింటేజ్ బండ్ల కోసం విడిగా ఒక భాగం చేర్చింది. మొదటిసారి రిజిస్టరై 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, కార్లు దాని కిందికి వస్తాయి. కొత్తగా రిజిస్టర్ చేయిస్తే ఫీజు ₹20,000. అది పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ చేయించడానికి ₹5,000. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల పక్కన 'వీఏ' అని వస్తుంది. ముందే రిజిస్టరై ఉన్న బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. తాతగారి నంబరు పోతుందేమోనని టెన్షన్ పడేవాళ్లకి ఇది మంచి కబురు.

షరతులు చదివితే మాత్రం ఉత్సాహం కొంచెం దిగుతుంది. వింటేజ్ బండిని రోజూ తిప్పడానికి, కిరాయికి వాడకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకి, సాంకేతిక పరిశోధనకి, పెట్రోలు పోయించడానికి, రిపేరుకి తీసుకెళ్లొచ్చు. అంతకన్నా ముఖ్యమైనది నిర్వచనం: బండి మొదటి రూపంలోనే ఉండాలి, చేసిస్‌లో (కారు అడుగు ఫ్రేములో) గానీ బాడీలో గానీ ఇంజిన్‌లో గానీ మార్పు చేసి ఉండకూడదు. ఈ ఒక్క వాక్యం మీ మొత్తం ప్లాన్‌ని తలకిందులు చేయగలదు. ఎలాగో ఇంజిన్ దగ్గరికొచ్చాక చెబుతాను.

రెండో దారి మామూలు ఆర్‌సీ. పదిహేనేళ్లు దాటిన కారుకి అయిదేళ్లకోసారి రెన్యువల్, దాంతోపాటు గ్రీన్ టాక్స్. దారిన తిరగడానికి వింటేజ్ ఆంక్షలేవీ ఉండవు. కానీ 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన బండ్ల రెన్యువల్ ఫీజులు పెంచేసింది. ఇక్కడ తయారైన కారుకి ₹10,000, దిగుమతి కారుకి ₹80,000. స్పిట్‌ఫైర్ ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో తయారైంది, కాబట్టి మావాడిది రెండో ఖాతా. ఫీజు చెప్పగానే కాసేపు మాట్లాడలేదు.

ఇలాంటి విదేశీ కార్లలో చాలావాటిని ఎంబసీల వాళ్లు తెచ్చుకుని, వెళ్లిపోయేటప్పుడు ప్రభుత్వ సంస్థ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మినవే. అప్పటి అమ్మకం ఉత్తరం, కస్టమ్స్ కాగితం ఏ ట్రంకుపెట్టెలోనైనా ఉంటే ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచండి. ఆర్‌సీ చనిపోయిన తాత తండ్రుల పేరు మీదే ఉంటే ఫారం 31 కింద వారసుల పేరుకి మార్పించుకోవాలి. మీసేవలో దరఖాస్తు చేసి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోవాలి, మిగిలిన వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. మావాడి మామయ్య వైజాగ్‌లో ఉంటారు. కారు గొడవే అక్కర్లేదనుకున్న ఆయనకి, సంతకం అడగ్గానే తన చిన్నప్పటి కారు గుర్తొచ్చింది. రెండు వారాలు పట్టింది.

ఇంకో కాగితం ఉంది, చాలామంది దాని గురించి ఆలోచించరు. ట్రయంఫ్, ఎంజీ లాంటి బ్రిటిష్ కార్ల ఫ్యాక్టరీ రికార్డులు ఇంగ్లండ్‌లో గేడన్ ఊళ్లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో ఉన్నాయి. చేసిస్ నంబరు పంపి ఫీజు కడితే మీ కారు ఎప్పుడు తయారైంది, ఏ రంగులో వచ్చింది, ఏ ఇంజిన్ నంబరుతో వచ్చింది అన్న వివరాలతో సర్టిఫికెట్ ఇస్తారు. రంగు గురించి ఇంట్లో జరిగే వాదన దీంతో ఆగిపోతుంది. మావాళ్లింట్లో అందరూ ఎరుపని ప్రమాణం చేశారు. అసలు రంగు తెలుపు.

చూడ్డానికా, నడపడానికా

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల 1912 రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, పసుపు రంగుది. దాన్ని చూసి వచ్చినవాడు తన కారూ అలాగే మెరవాలనుకుంటాడు. అది సింహాసనంలాంటి బండి, చూడ్డానికి పెట్టింది. ఏప్రిల్ ఎండలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర నిలబడాల్సిన కారుకి కావాల్సినవి వేరు. పెద్ద రేడియేటర్ కోరు, ఎలక్ట్రిక్ ఫ్యాను, గట్టి బ్రేకులు. ఇవి పెడితే ఒరిజినల్ వాదులు పెదవి విరుస్తారు.

నా మాట అడిగితే, వెనక్కి తీసేయగలిగిన మార్పుకి భయపడక్కర్లేదు. ఎలక్ట్రిక్ ఫ్యాను నాలుగు బోల్టుల పని, రేపు విప్పేయొచ్చు. కొత్త రకం గేర్‌బాక్స్ పట్టడం కోసం చేసిస్‌ని కోస్తే ఇక అతకడం కుదరదు. కోత అవసరమయ్యే ఏ పనికైనా ఒక నెల ఆగండి, చాలాసార్లు ఆ అవసరమే పోతుంది. మావాళ్లు నడపాలనే తేల్చారు. ఆ నిర్ణయం అప్పుడే డైరీ మొదటి పేజీలో రాయించాను, తర్వాత అదే పనికొచ్చింది.

తుప్పు: పైన పటారం, లోన లొటారం

పాత కారులో డబ్బు మింగేది ఇంజిన్ కాదు, రేకు. ఇంజిన్‌కి కొలతలున్నాయి, బోరు చేయించొచ్చు, క్రాంక్ గ్రైండింగ్ చేయించొచ్చు. తుప్పు ఎంత లోతుందో విప్పేదాకా తెలియదు. పైగా మన టింకరింగ్ షాపుల్లో కొందరు చిల్లు పడిన చోట రేకు వేయకుండా మందంగా లప్పం మెత్తి పైన డ్యూకో రంగు కొట్టేస్తారు. అద్దంలా మెరుస్తుంది. రెండో వానాకాలానికి బుడగలు లేస్తాయి.

చూడటం ఎలా? పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని జేబురుమాలులో చుట్టి, బాడీ మీద మెల్లగా జరపండి. అంటుకోని చోట రేకు లేదు, లప్పం ఉంది. తర్వాత కారు కింద పడుకుని స్క్రూడ్రైవర్‌తో పొడవండి. డిక్కీలో స్టెప్నీ గుంట, కాళ్ల కింద ఫ్లోరు, తలుపుల కింద పొడుగ్గా పోయే డొల్ల రేకు, అదే సిల్. నీళ్లు చేరి ఆరని చోట్లన్నీ. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన కారయితే కొంత అదృష్టమే, సముద్రపు ఉప్పుగాలి లేదు. మద్రాసులోనో వైజాగ్‌లోనో పదేళ్లున్న కారయితే ఇంకోసారి పొడవండి.

స్పిట్‌ఫైర్‌లో ఈ సిల్ కథ ప్రత్యేకం. స్టాండర్డ్ హెరాల్డ్ గుర్తుంది కదా, మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి తయారుచేసిన కారు. ఇంగ్లండ్ ట్రయంఫ్ హెరాల్డే ఇక్కడ ఆ పేరుతో వచ్చింది. స్పిట్‌ఫైర్ దాని తమ్ముడు. ఇద్దరి రూపం గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోత్తి. హెరాల్డ్ చేసిస్‌ని పొట్టి చేసి దాని మీదే 1962లో స్పిట్‌ఫైర్ తెచ్చారు. చక్రానికి చక్రానికి మధ్య హెరాల్డ్‌లో 91.5 అంగుళాలుంటే ఇందులో 83. పొట్టి చేసేటప్పుడు చేసిస్‌కి రెండు పక్కలా ఉన్న కమ్మీలు తీసేశారు. ఆ బరువు ఇప్పుడు సిల్స్ మోస్తాయి. టాపు లేని కారు కాబట్టి పైనుంచి పట్టుకునేదీ లేదు.

ఇది తెలియని వెల్డరు పుచ్చిన సిల్ చూసి కట్టర్ పెట్టి లేపేస్తాడు. ఆ క్షణంలోనే బాడీ మధ్యలో ఒక ఇసుమంత కుంగుతుంది. కొత్త సిల్ అతికాక తలుపు పడదు. ఎక్కడ తప్పు జరిగిందో ఎవరికీ అర్థం కాదు, తలుపు అంచులు గీస్తారు, కీళ్లు వంచుతారు, చివరికి లప్పం. అందుకే కోసేముందే తలుపు సందులో ఇనుప యాంగిల్స్ అడ్డంగా, ఏటవాలుగా వెల్డ్ చేసి బాడీని కదలకుండా బిగించాలి. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. తలుపు సందు ఎంతుందో రోజూ కొలిచి గోడ మీద సుద్దతో రాసుకోవాలి. మేం వెళ్లిన మొదటి షాపులో ఈ మాటంటే "సార్, ముప్పై ఏళ్ల సర్వీసు నాది" అన్నాడు. నమస్కారం పెట్టి వచ్చేశాం.

ఇసుకతో కొట్టించడం, అదే శాండ్‌బ్లాస్టింగ్, చేసిస్‌కి మంచిది. డోరు, బానెట్ లాంటి పలచటి పెద్ద రేకులకి వద్దు, ఇసుక దెబ్బలకి అలలు తేలిపోతాయి. వాటికి రంగు కరిగించే రసాయనం, చేత్తో గీకడం. నెమ్మది పని, కూలీ ఎక్కువ, అయినా అదే సరైనది.

ఇంజిన్ దగ్గర బయటపడ్డ సంగతి

ముప్పై ఏళ్లు ఆగిన ఇంజిన్‌కి బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టొద్దు. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో డీజిల్, ఇంజిన్ ఆయిలు కలిపి కొంచెం పోసి వారం పది రోజులు వదిలేయండి. తర్వాత క్రాంక్ పుల్లీకి పానా వేసి చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించండి. మాది తొమ్మిదో రోజు కదిలింది. ఆ సంతోషంలో అరిస్తే పక్కింటి ఆంటీ గోడ మీంచి తొంగిచూశారు.

తర్వాత ఇంజిన్ పైమూత, అదే హెడ్, విప్పి బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు కొలిచాం. 63 మిల్లీమీటర్లు. మళ్లీ కొలిచాం, అంతే.

1964 స్పిట్‌ఫైర్‌లో ఉండాల్సింది 1147 సీసీ ఇంజిన్, దాని బోరు 69.3. అరవై మూడంటే 948 సీసీ హెరాల్డ్ ఇంజిన్. ఎవరో ఎప్పుడో మార్చేశారు. బ్లాకు మీద నంబరు తుడిచి చూస్తే ఆర్‌సీలో ఉన్న నంబరు కాదు. స్పిట్‌ఫైర్ ఇంజిన్ 63 హార్స్‌పవర్, హెరాల్డ్‌ది 35 దగ్గర. చూడ్డానికి స్పోర్ట్స్ కారు, లోపల సగం గుండె.

ఇప్పుడు ఆ నిర్వచనంలోని వాక్యం గుర్తు తెచ్చుకోండి. ఇంజిన్ మారిన కారుని 'మొదటి రూపంలో ఉంది' అని చూపించి వింటేజ్ దారి పట్టడం కష్టం. ఇంగ్లండ్ నుంచి సరైన 1147 తెప్పించి పెట్టినా దాని నంబరు వేరే ఉంటుంది, అదీ ఆర్‌సీలో ఎక్కాలి. ఇంజిన్ మార్చాలంటే ముందు అనుమతి, తర్వాత నమోదు. పాత మార్పు నమోదే కాలేదు, అంటే దాన్ని ముందు సరిచేయాలి. రేకు కొట్టించి రంగు వేయించాక ఈ సంగతి తెలిసుంటే? అందుకే ఆర్‌సీ, చేసిస్ నంబరు, ఇంజిన్ నంబరు మూడూ పక్కపక్కన పెట్టి చూడటం మొదటి రోజు పని. చేసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే ముద్ర పడుతుంది, ఫైల్లో పెట్టుకోండి.

మన దేశంలో పాత బ్రిటిష్ కార్లకి ఇలాంటి మార్పిళ్లు మామూలే. దిగుమతి పార్టులు దొరకని రోజుల్లో ఉన్నదానితో నడిపించారు. దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు. ఆ బంధుత్వం ఇప్పుడూ పనికొస్తుంది. స్పిట్‌ఫైర్ గేర్‌బాక్స్‌కీ ముందు సస్పెన్షన్‌కీ హెరాల్డ్ పార్టులు చాలావరకు సరిపోతాయి. మీ షెడ్డులో ఉన్నది ఎంజీఏ 1500 అయితే ఇంకా మేలు, దాని 1489 సీసీ ఇంజిన్, మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ ఇంజిన్ ఒకే కుటుంబం. హెడ్డు, కార్బురేటర్లు వేరు. కాబట్టి పార్టుల కోసం పుత్లీబౌలికి, రాణిగంజ్‌కి వెళ్లేటప్పుడు పార్టు పేరు కాదు, పాత పార్టు, కొలిచే వెర్నియర్ స్కేలు చేతిలో పట్టుకెళ్లండి. బుషులు, పిన్నుల్లాంటివి బాలానగర్ లేతు షాపుల్లో కొలతకి చేసిస్తారు. బ్రేకు, స్టీరింగు పార్టులు మాత్రం లేతు పని చేయించకండి, ఎంత ఖరీదైనా ఇంగ్లండ్‌వి కొనండి.

స్టీరింగ్ అన్నాం కాబట్టి ఒక్క మాట. హెరాల్డ్‌లోనూ స్పిట్‌ఫైర్‌లోనూ ముందు చక్రం తిరిగే చోట కింద ట్రనియన్ అనే ఇత్తడి రకం దిమ్మ ఉంటుంది. దానికి గ్రీజు కాదు, గేర్ ఆయిల్ ఎక్కించాలి. గ్రీజు గన్ కనపడగానే అలవాటుగా గ్రీజు కొట్టేస్తారు, అది లోపలి మరల దాకా చేరదు. ఏదో ఒక రోజు మలుపులో రాడ్డు విరిగి చక్రం పక్కకి ఒరిగిపోతుంది. మావాడి కారులో రెండు పక్కలా గ్రీజే. రెండూ మార్చాం.

పెట్రోలు మారింది, కారు మారలేదు

ఈ కారు పుట్టినప్పుడు పెట్రోల్లో సీసం ఉండేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి అది పోయింది. సీసం ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే అంచుని అరగకుండా కాపాడేది. ఇప్పుడు ఆ పని గట్టి లోహపు వాల్వు సీట్లు చేయాలి. హెడ్ ఎలాగూ మెషిన్ షాపుకి వెళ్తుంది, అప్పుడే ఎగ్జాస్ట్ వైపు సీట్లు కొత్తవి దిగవేయించండి.

రెండో మార్పు ఇథనాల్. 20 శాతం కలిపిన పెట్రోలు 2023లో కొన్ని బంకుల్లో మొదలై 2025 కల్లా దేశమంతా వచ్చేసింది. ఇథనాల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరుని మెత్తబరుస్తుంది. కారు నెలకోసారే కదులుతుంది కాబట్టి తేమ ట్యాంకు అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది. పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే రకానివి వేయాలి, పెట్రోల్ పంపు డయాఫ్రం మార్చాలి, కార్బురేటర్ సెట్టింగు కొంచెం రిచ్‌గా, అంటే పెట్రోలు పాలు ఎక్కువగా, పెట్టించాలి. ఇంజిన్ పక్కనే ఒక పెట్రోల్ పైపు మెత్తబడి కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కొనడం కూడా ప్లాన్‌లో రాసుకోండి.

వైరింగ్ గురించి తక్కువే చెబుతాను: పాతది అతుకులు వేయకండి, మొత్తం కొత్త లూమ్, అంటే తీగల కట్ట, వేయండి. బ్రిటిష్ కార్లకి ఎలక్ట్రికల్ సామాన్లు చేసిన లూకస్ వాళ్ల రంగుల లెక్క తెలిస్తే పని తేలిక. గోధుమరంగు ఎప్పుడూ కరెంటు ఉండే తీగ, తెలుపు కీ తిప్పితే వచ్చేది, ఆకుపచ్చ ఫ్యూజు దాటి వచ్చేది, నలుపు ఎర్తు. కానీ ఆ కాలం స్పిట్‌ఫైర్‌లో బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలుస్తుంది, మనకి అలవాటైన దానికి తిరగేసి. కొత్త కుర్రాడు బ్యాటరీ పెట్టేముందు పక్కనే నిలబడండి.

వరస, వానాకాలం, డబ్బు

రేకు పని పూర్తవ్వాలి. తర్వాత రంగు వేయకుండానే తలుపులు, బానెట్, డిక్కీ, బంపర్లు అన్నీ ఒకసారి బిగించి చూడాలి. సందులు కుదిరాక మళ్లీ విప్పి, అప్పుడు రంగు. ఈ డబుల్ పని ఎవరికీ ఇష్టం ఉండదు, మేస్త్రీకి అసలే ఉండదు. రంగయ్యాక తలుపు రాసుకుంటే అతనే ఒప్పుకుంటాడు. ఇంజిన్, గేర్‌బాక్స్ పని రేకు పనితో పాటే నడవొచ్చు. క్రోమ్, సీట్లు చివరికి.

మన ఊళ్లో దీన్ని నెలలతో ముడిపెట్టాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాల్లో తేమ, రంగు మసకబారుతుంది. ఆ నెలలు వెల్డింగ్, ఇంజిన్ పనులకి. నవంబరు, ఫిబ్రవరి మధ్య రంగు. మేలో ఇంజిన్ వేడెక్కుతోందో లేదో చూడటానికి హైదరాబాద్‌ని మించిన ల్యాబ్ లేదు. గీతలు గీసిన చార్టుకన్నా ఇలాంటి క్యాలెండరే షాపువాడికి బాగా అర్థమవుతుంది.

డబ్బు విషయంలో నేను పాటించే పద్ధతి ఒకటే: షాపుకి మొత్తం అడ్వాన్స్ ఇవ్వకపోవడం. రేకు పనికి వేరుగా, చేసిస్‌కి వేరుగా, రంగుకి వేరుగా మాట్లాడి, ఒక్కో దశ ఫొటోలు చూశాకే తర్వాతి దశ డబ్బు. బడ్జెట్‌లో మూడో వంతు అసలు లేదనుకుని పక్కన పెట్టాలి. ఇంగ్లండ్ పార్టులకి ధరే కాదు, కొరియరు, కస్టమ్స్ సుంకం, దాని మీద పన్ను కూడా వేసుకోవాలి. బరువైన పార్టుకి ఒక్కోసారి రవాణాయే పార్టుని మించిపోతుంది. విప్పిన ప్రతి నట్టునీ జిప్ కవర్లో వేసి పేరు రాయడానికి ఖర్చేమీ లేదు, అయినా అందరూ ఎగ్గొట్టేది దాన్నే.

ఇంతకీ ఇంజిన్ ఏమైంది? మావాడు 1147 తెప్పించాలని ఒక రాత్రంతా ధరలు చూశాడు. పొద్దున వాళ్లమ్మగారు షెడ్డులోకి కాఫీ తెచ్చి, బల్ల మీదున్న హెడ్ చూసి అడిగారు, "ఇది మద్రాసు ఇంజినే కదరా?" మేమిద్దరం తెల్లమొహం వేశాం. ఆమె స్కూల్లో ఉండగా అసలు ఇంజిన్ బ్లాకు పగిలిందట. తాతగారు లారీ మీద హెరాల్డ్ ఇంజిన్ తెప్పించారట. "నన్ను కీస్ హైస్కూల్లో దింపింది దీంతోనే. ఇది తీసేస్తే ఆ చప్పుడు రాదు కదా."

మావాడు డైరీ మొదటి పేజీ తిప్పి చూసుకున్నాడు. నడపాలి అని రాసుంది. మామూలు ఆర్‌సీ దారి, 948 నంబరు నమోదు చేయించడానికి దరఖాస్తు. పిస్టన్ రింగుల కోసం పుత్లీబౌలిలో మూడు సార్లు తిరిగాం, దొరకలేదు. రాణిగంజ్‌లో ఒక ముసలాయన నిచ్చెనెక్కి, అటక మీంచి దుమ్ముపట్టిన అట్టపెట్టె దింపారు. పైన మద్రాసు అడ్రసు, లోపల నూనె కాగితంలో చుట్టిన నాలుగు సెట్లు. వెర్నియర్ తీసి కొలిచాం. 63.